ఖారి ధాన్యం వెల: రాజతరంగిణి ఐదో తరంగంలో నీరు, శ్రమ, రాజ్యం

కల్హణుడు రాజతరంగిణి ఐదో తరంగంలో ధాన్యం వెల గురించి మూడు అంకెలు చెప్పాడు. కరవు వచ్చినప్పుడు కాశ్మీరంలో ఖారి ధాన్యం 1050 దిన్నారాలు పలికేది. పూర్వకాలం నుంచీ ఎంత సమృద్ధిగా పండిన ఏడైనా 200 దిన్నారాలకు తగ్గేది కాదు. అవంతివర్మ (క్రీ.శ. 855/56-883) కాలంలో సుయ్యుడు నదిని చక్కదిద్దిన తరువాత అదే ఖారి 36 దిన్నారాలకు దొరికింది. సంస్కృత కావ్యాలలో రాజ్యం సుభిక్షంగా ఉన్నదని చెప్పడానికి నెలకు మూడు వానలు, చెట్టు నిండా పండ్లు, పొదుగు నిండా పాలు చాలు. ఇక్కడ కవి అంగడి ధర చెప్పాడు. అదీ ఒక్కసారి కాదు. రెండు తరంగాల తరువాత, హర్షుని (1089-1101) కాలపు కరవును వర్ణించేటప్పుడు కూడా ఖారి 500 దిన్నారాలు పలికిందని గుర్తుపెట్టుకొని మరీ రాశాడు. రాజు మంచిచెడ్డలను ధాన్యం వెలతో తూచే ఈ పద్ధతి కల్హణుని చరిత్రదృష్టిని పట్టిచ్చే ఆనవాలు. ఆ అంకెల వెనుక ఎవరి శ్రమ ఉన్నది, ఆ శ్రమను కల్హణుడు ఎలా చూశాడు అన్న ప్రశ్నలు ఈ వ్యాసానికి విషయం.

ఆధారాల సంగతి

రాజతరంగిణి రచన 1148లో మొదలై 1150 నాటికి ముగిసింది. సుయ్యుని కాలానికీ కల్హణునికీ మధ్య రెండున్నర శతాబ్దాలకు పైగా దూరం. ఆ దూరాన్ని దాటడానికి తాను ఏ సాధనాలు వాడాడో కల్హణుడే మొదటి తరంగంలో చెప్పుకున్నాడు. పూర్వుల గ్రంథాలు పదకొండు, నీలమతపురాణం, దేవాలయ ప్రతిష్ఠా శాసనాలు, దానపత్రాలు, ప్రశస్తులు, శాస్త్రగ్రంథాలు. హర్షుని కొలువులో మంత్రిగా ఉన్న చంపకుని కుమారుడు కావడం వల్ల రాజ్యవ్యవహారాల లోగుట్టు అతనికి తెలుసు. తాను మాత్రం ఏ రాజు కొలువూ చేసినట్టు కనిపించదు.

అంతమాత్రాన అతని ప్రతి అంకెనూ నమ్మలేం. కార్కోట వంశపు లలితాదిత్యుని రాజ్యకాలాన్ని అతడు దాదాపు పాతికేళ్లు ముందుకు జరిపాడని చైనా తాంగ్ వంశ వృత్తాంతాల వల్ల తేలింది. జయాపీడుని సభాపతి ఉద్భటునికి రోజుకు లక్ష దిన్నారాల వేతనం అన్నాడు. 200 దిన్నారాలకు ఖారి అన్న తన లెక్కనే పట్టుకుంటే అది రోజుకు 500 ఖారులు. 19వ శతాబ్దపు కాశ్మీరంలో ఖర్వార్ అనే కొలత సుమారు 80 కిలోలు. పాత ఖారి కూడా దానికి దగ్గరిదే అనుకుంటే, ఒక్క ఆలంకారికుని ఇంటికి రోజుకు నలభై వేల కిలోల ధాన్యం వెల చేరాలి. ఇది పండితులు చెప్పుకొని మురిసిపోయే మాటే కాని ఖజానా లెక్క కాదు. దిన్నారం బంగారు నాణెం కాదనీ, కాశ్మీరంలో అది చాలా చిన్న విలువ గల లెక్కప్రమాణమనీ ఆరెల్ స్టెయిన్ తన అనువాదానికి (1900) చేర్చిన అనుబంధంలో నిరూపించకపోతే ఈ అంకెలు మరింత వింతగా ఉండేవి.

అయితే ధాన్యం వెల లక్ష దిన్నారాల వేతనం వంటిది కాదు. ఒకరిని పొగడడానికి పుట్టిన అంకె గుండ్రంగా ఉంటుంది. 36 గుండ్రని అంకె కాదు. హర్షుని నాటి 500 కల్హణుని తండ్రి తరం కళ్లారా చూసిన ధర. సుయ్యునికి ముందు కరవు ధర 1050, తరువాత రెండు శతాబ్దాలకు వచ్చిన కరవులో ధర అందులో సగం కన్నా తక్కువ. రెండు కరవుల తీవ్రత ఒకటి కాకపోవచ్చు. అయినా 9వ శతాబ్దంలో ధరల మట్టం ఒకసారి కిందికి దిగి, చాలాకాలం అలాగే నిలిచిందన్న కల్హణుని మాటకు అతని అంకెలే సాక్ష్యం.

లోయ, నది, కార్కోటులు

కాశ్మీర లోయ పొడవు 130 కిలోమీటర్లకు పైన, వెడల్పు ముప్ఫై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. చుట్టూ కొండలు. దిగే నీరంతా వితస్త (నేటి జీలం) లోకి చేరుతుంది. వితస్తకు బయటికి పోయే దారి ఒక్కటే, వరాహమూలం (బారాముల్లా) దగ్గరి ఇరుకు కనుమ. లోయలో నది వాలు అతి స్వల్పం. కనుమలో రాళ్లు జారిపడి నది అడుగు మెరక వేస్తే నీరు వెనక్కి తన్నుతుంది. మహాపద్మసరస్సు (వూలర్) పొంగి పొలాల మీదికి వస్తుంది. లోయ మొత్తం ఒకప్పుడు సతీసరస్సు అనే జలాశయమనీ, జలోద్భవుడనే రాక్షసుణ్ని చంపడానికి కొండను చీల్చి నీరు వెళ్లగొట్టారనీ నీలమతపురాణం చెప్పే కథ ఈ భూగోళంలోంచే పుట్టింది. ఆ రాక్షసుడు పూర్తిగా చచ్చాడని చెప్పడానికి వీల్లేదు. 1903 వరద తరువాత శ్రీనగరానికి ఎగువన వరదకాలువ తవ్వించవలసి వచ్చింది. 2014 సెప్టెంబరులో నగరంలో చాలా భాగం నీట మునిగింది.

7వ శతాబ్దం మొదట్లో దుర్లభవర్ధనునితో మొదలైన కార్కోట వంశంలో చంద్రాపీడుని గురించి కల్హణుడు చెప్పిన ఒక కథ ప్రసిద్ధం. రాజు త్రిభువనస్వామి ఆలయం కట్టించబోతే ఆ స్థలంలో ఉన్న చర్మకారుడు తన గుడిసె ఇవ్వనన్నాడు. అధికారులు అతని మీద ఫిర్యాదు చేస్తే, అడగకుండా పని మొదలుపెట్టినందుకు రాజు వాళ్లనే మందలించాడు. రాజు స్వయంగా తన ఇంటికి వచ్చి అడిగితే ఇస్తానన్నాడు చర్మకారుడు. రాజు వెళ్లి, అడిగి, వెల ఇచ్చి తీసుకున్నాడు. ఆ వంశంలోనే తరువాత వచ్చిన లలితాదిత్య ముక్తాపీడుడు (8వ శతాబ్దం రెండో పాదం నుంచి) మార్తాండాలయాన్నీ పరిహాసపురాన్నీ కట్టించాడు. చక్రధరం దగ్గర ఏతపు చక్రాలు పెట్టి వితస్త నీటిని గ్రామాలకు పంచాడు. ముంపు నీటిని కొంత వెళ్లగొట్టి పంట పెంచాడు. కల్హణుడు అతని చేత చెప్పించిన రాజనీతి మాత్రం మరోలా ఉంటుంది. పల్లెవాళ్ల దగ్గర ఏడాది తిండికీ, దున్నడానికి కావలసిన ఎడ్లకూ మించి ఏమీ మిగలనివ్వకూడదు, మిగిలితే వాళ్లు డామరులై రాజాజ్ఞను ధిక్కరిస్తారు. నీళ్లిచ్చిన చేతితోనే మిగులు లాగేసుకోమన్న ఈ బోధ లలితాదిత్యునిదో, డామరుల చేతిలో దేశం నలిగిపోతుంటే చూసిన 12వ శతాబ్దపు కల్హణునిదో తేల్చడం కష్టం. రెండోదే కావడానికి అవకాశం ఎక్కువ. కల్హణుని దగ్గర ధాన్యం చవక కావడం మంచి రాజ్యానికి గుర్తు. రైతు బలపడడం మాత్రం అపాయానికి గుర్తు. ఈ వైరుధ్యాన్ని అతడు ఎక్కడా విప్పి చూడలేదు.

జయాపీడుడు తొలినాళ్లలో పండితులను పోషించాడు. చివరికి కాయస్థుల మాట విని ప్రజలను పీడించాడు. ఆ తరువాతి కార్కోటులు పేరుకు మాత్రమే రాజులు. కాలువలూ గట్లూ పట్టించుకున్నవారు లేరు. లలితాదిత్యుడు వెళ్లగొట్టిన నీరు మళ్లీ పొలాల్లోకి వచ్చింది.

అవంతివర్మ, శూరుడు

కార్కోటుల తరువాత వచ్చిన ఉత్పల వంశం మూలం రాజవంశం కాదు. కల్యపాలుని, అంటే కల్లు సారాయి కాచేవాని కూతురు జయాదేవి కార్కోట రాజు అంతఃపురానికి చేరింది. ఆమె సోదరులు రాజ్యాన్ని గుప్పిట్లోకి తెచ్చుకున్నారు. వారిలో ఉత్పలుని మనుమడు అవంతివర్మ. అతణ్ని సింహాసనం మీద కూర్చోబెట్టిన మంత్రి శూరుడు.

తెలుగు పాఠకులకు అవంతివర్మ పేరు వినగానే గుర్తొచ్చేది ధ్వని సిద్ధాంతం. ముక్తాకణుడు, శివస్వామి, ఆనందవర్ధనుడు, రత్నాకరుడు ఈ రాజు కాలంలోనే ప్రసిద్ధికెక్కారని కల్హణుడు చెప్పాడు. మమ్మటుని ద్వారా, విద్యానాథుని ద్వారా తెలుగు అలంకారశాస్త్రంలోకి ప్రవహించిన ఆలోచన పుట్టిన కాలమూ, వితస్త అడుగు తవ్విన కాలమూ ఒకటే. సాహిత్య చరిత్రలలో మొదటిది అధ్యాయాలకు అధ్యాయాలు ఆక్రమిస్తుంది. రెండోది పాదసూచికలో కూడా కనిపించడం అరుదు. ఒక శాస్త్రం పుట్టడానికి ధాన్యం చవక కావడమే కారణమనడం తొందరపాటు. కాని నలుగురు కవులను పోషించగలిగిన కొలువుకు ఆ పోషణ ఎక్కడి నుంచి వచ్చిందో అడగకపోవడం కూడా లోపమే.

పరిపాలన తీరుకు కల్హణుడు చెప్పిన ఉదంతం ఒకటి చాలు. భూతేశ్వర క్షేత్రంలో పూజకు వెళ్లిన రాజు స్వామి పీఠం మీద ఉత్పలశాకం అనే చేదు ఆకుకూర చూసి, ఇదేం నైవేద్యమని అడిగాడు. శూరుని అండ చూసుకొని లహర ప్రాంతపు డామరుడు ధన్వుడు ఆలయ గ్రామాలన్నీ కాజేశాడనీ, ఆకుకూర తప్ప అర్పించడానికి ఏమీ మిగల్లేదనీ అర్చకులు చెప్పారు. రాజు ఏమీ అనకుండా, కడుపునొప్పి అని సాకు చెప్పి పూజ మధ్యలో లేచిపోయాడు. సంగతి తెలిసిన శూరుడు తనకు కొడుకు వంటివాడైన ధన్వుణ్ని పిలిపించి భైరవుని ఎదుట తల నరికించాడు. ఆలయభూములు ఆలయానికి చేరాయి. రాజు మెచ్చినా మెచ్చకపోయినా డామరుని మీద చేయి వేయగలిగింది మంత్రే అన్న వాస్తవం ఈ కథలో దాగి ఉన్నది.

సుయ్యుడు

సుయ్యుని జన్మకథ ఇది. సుయ్య అనే చండాల స్త్రీ వీధి ఊడుస్తుండగా మూతపెట్టిన కొత్త మట్టికుండ కనిపించింది. మూత తీస్తే లోపల వేలు చీకుతున్న పసివాడు. తన స్పర్శతో మైలపడకుండా ఆమె ఆ బిడ్డను ఒక శూద్ర దాది చేత పెంచించింది. ఆమె పేరే బిడ్డకు వచ్చింది. పెరిగి, చదువుకొని, ఒక గృహస్థు ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుడయ్యాడు.

ఈ కథలో కల్హణుడు పట్టుబట్టి చెప్పిన మాట స్పర్శ గురించినది. కుండ మూత తీసి, బిడ్డను చూసి, బతికించి, పెంచే ఏర్పాటు చేసిన స్త్రీ ఆ బిడ్డను తాకలేదని చెప్పడం ఎందుకు అవసరమైంది? తరువాత రాజసభలో నిలబడి, బ్రాహ్మణులకు గ్రామాలు దానం చేసినవాని చేతికి మైల అంటలేదని చూపించడానికే. కథను ఈ విధంగా కడిగి శుభ్రం చేసింది కల్హణుడా, అతని ముందున్నవారా అన్నది చెప్పలేం. కాని కడిగినా పోనిది పేరు. తాకని చేయి ఇచ్చిన పేరును సుయ్యుడు జీవితాంతం మోశాడు. తాను నిర్మించిన వంతెనకు సుయ్యాసేతువని, బ్రాహ్మణులకు ఇచ్చిన గ్రామానికి సుయ్యాకుండలమని ఆమె పేరే పెట్టాడు. వితస్త మహాపద్మసరస్సు నుంచి వెలువడే చోట కట్టిన పట్టణం సుయ్యపురం. అదే నేటి సోపోర్. లలితాదిత్యుని పరిహాసపురం శిథిలమై, అవంతివర్మ అవంతిపురం చిన్న ఊరై మిగిలాయి. వీధులూడ్చిన స్త్రీ పేరు మాత్రం, కొంత అరిగి, పెద్ద ఊరి పేరుగా నేటికీ వాడుకలో ఉన్నది.

వరద గురించి జనం గోల పెడుతుంటే సుయ్యుడు, నాకు బుద్ధి ఉన్నది, సాధనాలు లేక ఏం చేయను అనేవాడట. వేగులవాళ్లు ఆ మాట రాజుకు చేర్చారు. పిచ్చివాడని అందరూ అన్నా రాజు ఖజానా తెరిచి డబ్బిచ్చాడు. సుయ్యుడు దిన్నారాల కుండలు పడవలో వేసుకొని, మడవరాజ్యంలో మునిగి ఉన్న నందకమనే ఊరి దగ్గర ఒక కుండ నీళ్లలో వేశాడు. తరువాత క్రమరాజ్యంలో యక్షదరం దగ్గర, కొండరాళ్లు జారిపడి నది ఇరుకైన చోట, దోసిళ్లతో నాణేలు నీళ్లలోకి విసిరాడు. సభలో నవ్వులు. ఆకలితో ఉన్న పల్లె జనం నాణేల కోసం నదిలోకి దిగి రాళ్లు తీసి గట్టున పడేశారు. నది మట్టం తగ్గింది. అప్పుడు రాతికట్టతో వితస్తను ఏడు రోజులు ఆపి, అడుగు తవ్వించి, రాళ్లు మళ్లీ పడకుండా గోడలు కట్టించి, కట్ట తెరిచాడు.

నాణేలు విసరడం జానపద కథలా వినిపిస్తుంది. ఒక తెలివైనవాడు పిచ్చివాడిలా నటించి పని సాధించే కథలు ఎన్నో. కాని ఈ కథలో జరిగిన పని ఏమిటి? కరవులో ఉన్న జనం ఖజానా డబ్బు తీసుకొని నది రాళ్లు ఎత్తారు. కూలి ఇచ్చి చేయించిన పని ఇది. మధ్యయుగపు రాజ్యంలో ఇటువంటి పనికి ఊళ్ల మీద వెట్టి వేయడం సాధారణం. సుయ్యుడు వెట్టి వేయలేదు. కల్హణుడు ఈ తేడాను సూత్రీకరించలేదు. అయినా అవంతివర్మ కొడుకు పాలనను వర్ణించేటప్పుడు వెట్టి మీద అతడు వెళ్లగక్కిన ఆగ్రహాన్ని పక్కన పెట్టుకొని చూస్తే, నాణేల కథ అంతకాలం ఎందుకు నిలిచిందో అర్థమవుతుంది. డబ్బిచ్చి పని చేయించుకున్న రాజును జనం మరచిపోలేదు. జ్ఞాపకం కథగా మారేటప్పుడు కూలి కాస్తా నీళ్లలో విసిరిన నాణెమైంది.

మిగిలిన పనుల వర్ణనలో జానపద ఛాయలు లేవు. గట్లు తెగే చోట్ల నదికి కొత్త పాయలు తవ్వించాడు. త్రిగామి దగ్గర వితస్తలో కలిసే సింధువును (లోయలోని సింధునది, పంజాబు సింధువు కాదు) మళ్లించి సంగమాన్ని వేరే చోటికి జరిపాడు. వితస్త వెంట ఏడు యోజనాల రాతిగట్టు కట్టించాడు. మహాపద్మసరస్సును అదుపులో పెట్టాడు. నీరు తీసిన చోట వలయాకారపు గట్ల మధ్య గ్రామాలు నెలకొల్పాడు. చుట్టూ గట్టుతో కుండలంలా ఉండడం వల్ల వాటికి కుండలాలని పేరు. పాత సంగమస్థానాన్ని స్టెయిన్ పరిహాసపుర శిథిలాల పక్కన త్రిగామ్ ఊరి దగ్గర నేల మీద తిరిగి గుర్తించాడు. నేటి సంగమం షాదీపూర్ వద్ద ఉన్నది. కావ్యంలోని మాట నేల మీద రుజువు కావడం సంస్కృత వాఙ్మయంలో తరచుగా దొరికే అదృష్టం కాదు.

అన్నిటికన్నా విలువైనది మట్టి పరీక్ష. వానను నమ్ముకొనే అవసరం లేకుండా కాలువలు ఏర్పాటు చేసిన తరువాత, ఏ ఊరికి ఎంత నీరు కావాలో తేల్చడానికి సుయ్యుడు ఊరూరి మట్టి తెప్పించి, తడిపి, ఎంతకాలానికి ఆరుతుందో చూసి, దానిని బట్టి నీటి వంతులు నిర్ణయించాడు. కవి కల్పించాలనుకుంటే కల్పించే సంగతి కాదు ఇది. దీని వెనుక ఏదో అధికార పత్రమో, రైతుల నోట నిలిచిన వాడుకో ఉండి తీరాలి. నీటిని పంచడం కట్టడం కన్నా కష్టం. గట్టు ఒకసారి కడితే ఉంటుంది, వంతు ప్రతి ఏడూ తగవే. ఖారి వెల 36కు దిగడానికి రాతిగట్టు ఎంత కారణమో ఆరిన మట్టిముద్ద అంత కారణం.

ఇంత చెప్పి కల్హణుడు సుయ్యుణ్ని విష్ణువుతో పోల్చాడు. నీటిలోంచి భూమిని ఎత్తడం, పాత్రులైన బ్రాహ్మణులకు దానం చేయడం, నీటిలో రాతిసేతువు కట్టడం, కాళియుణ్ని అణచడం అనే నాలుగు పనులకు విష్ణువుకు నాలుగు అవతారాలు కావలసి వచ్చాయి, సుయ్యునికి ఒక్క జన్మ సరిపోయింది అన్నాడు. చమత్కారమే. కాని చండాల స్త్రీ పేరు మోసినవాణ్ని పొగడడానికి వరాహ, పరశురామ, రామ, కృష్ణావతారాలు నాలుగూ కల్హణునికి అవసరమయ్యాయి. తన వర్ణదృష్టితో సమన్వయం కాని వాస్తవం ఎదురైతే దానిని మరుగుపరచకుండా దైవాంశగా మార్చి నిలిపాడు. చరిత్రకారునిగా అతని బలమూ, పరిమితీ ఇక్కడే కలిసి కనిపిస్తాయి.

శంకరవర్మ

అవంతివర్మ 883లో భగవద్గీత వింటూ మరణించాడు. కొడుకు శంకరవర్మ (883-902) దండయాత్రలకు దిగాడు. ఆలయాల రాబడి మీద చేయి వేశాడు. పరిహాసపురం రాళ్లు పీకించి తన పట్టణానికి (నేటి పట్టన్) తరలించాడు. అన్నిటికన్నా కల్హణుణ్ని రగిలించినది రూఢభారోఢి. రాజు సామగ్రిని ఊరివాళ్లు కూలి లేకుండా మోయాలి. ఈ వెట్టి పదమూడు రకాలు. ఒక ఏడు బరువు మోయని ఊళ్ల మీద, రాజు దండయాత్రకు వెళ్లిన దేశంలో ఆ సరుకు ఏ ధర పలుకుతుందో ఆ లెక్కన జరిమానా వేశారు. మరుసటి ఏడు తప్పు లేని ఊళ్ల నుంచీ అదే జరిమానా గుంజారు. ఊళ్లకు దరిద్రం తెచ్చింది ఇదేనని కల్హణుడు తేల్చాడు.

ఈ రాజు దేవభాషలో మాట్లాడక తాగుబోతులకు తగిన అపభ్రంశంలో మాట్లాడేవాడనీ, దానివల్ల కల్యపాల కులంలో పుట్టినవాడని బయటపడేదనీ ఎత్తిపొడిచాడు. భాషాచరిత్ర దృష్టితో ఈ ఎత్తిపొడుపు విలువైన సాక్ష్యం. 9వ శతాబ్దం చివర కాశ్మీర రాజసభలో రాజు నోట దేశభాష వినిపించిందని దీనివల్ల తెలుస్తున్నది. కాని న్యాయం మాట వేరు. అవంతివర్మ కూడా అదే కల్యపాలుని మునిమనుమడు. అతని పాలనకు కులం కారణం కానప్పుడు కొడుకు దుష్పాలనకు మాత్రం ఎలా అవుతుంది? భల్లటుని వంటి కవులు జీతం లేక అల్లాడుతుంటే లవటుడనే భారికునికి 2000 దిన్నారాలు ముట్టాయని కూడా కల్హణుడు వాపోయాడు. 36 దిన్నారాల లెక్కన అది 55 ఖారుల పైచిలుకు ధాన్యం. ఉద్భటునికి రోజుకు లక్ష ముట్టిందన్నప్పుడు అది ఏ రైతు మోసిన బరువో అతనికి తోచలేదు.

శంకరవర్మ 902లో ఉరశా దేశంలో ఒక శ్వపాకుని బాణం తగిలి చనిపోయాడు. ఆ తరువాత రాజులను ఎక్కించీ దించీ ఆడించినవారు తంత్రులనే సైనికులు. బాలరాజు పార్థుని కాలంలో, లౌకికాబ్దం 3993లో, అంటే క్రీ.శ. 917-18లో, వరద వచ్చి శరత్కాలపు వరిపంట కొట్టుకుపోయింది. సుయ్యుడు తవ్వించిన నదిలోనే ఉబ్బిన శవాలు నీరు కనబడనంతగా కప్పుకున్నాయని కల్హణుడు రాశాడు. నేల ఎముకలతో తెల్లబడి శ్మశానమైంది. మంత్రులూ తంత్రులూ తమ గాదెల్లోని ధాన్యాన్ని హెచ్చు ధరకు అమ్ముకొని ధనవంతులయ్యారు. గట్లు కట్టి అప్పటికి నలభై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు.